మైకు సంగతి తర్వాత, ముందు తమ్ముడి సంగతి

కూకట్‌పల్లి నుంచి ఒకావిడ పంపిన ఉత్తరం ఇది. పెద్దదే. పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో టైప్ చేశారట, మధ్యలో రెండు మూడుసార్లు ఆపి మళ్లీ మొదలుపెట్టినట్టు చదువుతుంటేనే తెలుస్తోంది. పేరు వద్దన్నారు. సంగతి క్లుప్తంగా చెప్తాను.

ఆవిడకి 36 ఏళ్లు. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. మూడో తరగతి చదివే పాప, నాలుగేళ్ల బాబు. దాదాపు రెండేళ్ల కిందట మోషన్‌లో రక్తం కనిపించింది. వేడి చేసిందని అత్తగారు సబ్జా నీళ్లు, మజ్జిగ ఇచ్చారు. వీధి చివర డాక్టరు టేబుల్ అవతలి నుంచే "మొలలమ్మా" అని ఆయింట్‌మెంట్ రాశారు, లేచి చూసింది లేదు. ఎనిమిది నెలలు అలాగే పోయాయి. హిమోగ్లోబిన్ 7కి పడిపోయి, రెండంతస్తులెక్కితే ఆయాసం వస్తుంటే అప్పుడు ఇంకో డాక్టరు కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించారు. పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో క్యాన్సర్, మూడో దశ. అప్పటికి ఆవిడకి 35. రేడియేషన్ అయింది, ఆపరేషన్ అయింది, మలం బయటికి రావడానికి పొట్టకి తాత్కాలికంగా బ్యాగు పెట్టారు, ఇప్పుడు కీమో నడుస్తోంది. ఇంకా రెండు సైకిల్స్ ఉన్నాయి, అవి అయ్యాక పేగు మళ్లీ కలిపి బ్యాగు తీసేస్తామన్నారట.

చుట్టాలకీ అపార్ట్‌మెంట్‌లో వాళ్లకీ మాత్రం "గర్భసంచి ఆపరేషన్" అని చెప్పారు. ఆ ఆలోచన అత్తగారిది. ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు, క్యాన్సర్ ఉన్న ఇల్లంటే ఎవరు ముందుకొస్తారని ఆవిడ భయం. సెలవు కోసం ఆఫీసులో హెచ్‌ఆర్‌కి నిజం చెప్పక తప్పలేదు. ఇప్పుడు వాళ్లు, మార్చి 8న మహిళా దినోత్సవానికి మీ అనుభవం చెప్తారా అని అడిగారు. ఈవిడకి చెప్పాలనే ఉంది. "నాకెవరైనా ముందే చెప్పి ఉంటే ఆ ఎనిమిది నెలలు పోయేవి కావు కదండీ" అని రాశారు. భర్తకి ఇష్టం లేదు. "మైకు పట్టుకుని దొడ్డికెళ్లే సంగతులు చెప్తావా?" అన్నారట.

ఉత్తరం చివర్లో, గుర్తొచ్చినట్టుగా ఇంకో రెండు విషయాలు రాశారు. మిర్యాలగూడలో తమ్ముడున్నాడు, 32 ఏళ్లు, సొంత మెడికల్ షాపు. అతనికీ కొన్ని నెలలుగా రక్తం పడుతోందట, షాపులోంచే మొలల ట్యూబు తీసుకుని రాసుకుంటున్నాడు. వాళ్ల నాన్న 46వ ఏట "కడుపులో గడ్డ"తో పోయారు, అంతకుమించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. రెండోది, ఒక రాత్రి పాప పక్కలో పడుకుని, "నేను నీ పొట్ట మీదెక్కి ఆడుకున్నందుకేనా అమ్మా ఇలా అయింది?" అని అడిగిందట. ఈవిడ "కాదమ్మా, పడుకో" అన్నారట.

ఆవిడ ప్రశ్న ఒకటే. మైకు ముందు మాట్లాడనా, ఊరుకోనా?

చూడండమ్మా, నేను మీ వరస తిప్పేస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీరు ముందు అడిగింది చివర్లో చెప్తాను, చివర్లో రాసిందే ముందు.

తమ్ముడికి మీరిచ్చింది నాలుగు లైన్లు. నేను ఆ నాలుగు లైన్ల దగ్గరే ఆగిపోయాను. ఇంట్లో ఒకరికి చిన్న వయసులో ఈ క్యాన్సర్ వస్తే, తోడబుట్టినవాళ్లు కొలనోస్కోపీ ఎప్పుడు మొదలుపెట్టాలన్నదానికి డాక్టర్లు ఒక లెక్క చెప్తారు. నలభయ్యో ఏడు, లేకపోతే జబ్బు బయటపడినప్పటి వయసులోంచి పదేళ్లు తీసేస్తే వచ్చే ఏడు, ఏది ముందైతే అది. మీకు 35లో తేలింది, పది తీసేస్తే 25. ఆయనకి 32. అంటే ఒంట్లో ఏ ఇబ్బందీ లేకపోయినా ఆయన వెళ్లాల్సిన వయసు దాటిపోయింది. ఇదంతా ఏ బాధా లేనివాళ్ల లెక్క. నెలల తరబడి రక్తం పడుతున్న మనిషికి లెక్కలు అక్కర్లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లడమే.

"ఎర్రగా పడితే మొలలు, నల్లగా పడితేనే భయపడాలి" అని షాపులో ఆయనే నలుగురికీ చెప్తుంటారేమో కూడా. పేగు చివర్లో ఉన్న గడ్డ నుంచి కూడా ఎర్రగానే పడుతుంది, మీకు పడలేదూ? పోనీ ఆయనకి నిజంగా మొలలే ఉన్నాయనుకుందాం. మొలలున్నవాళ్లకి గడ్డ రాకూడదని ఎక్కడా రాసిలేదు. ఒకప్పుడు మా చిన్నాన్న ఇలాగే చెప్తే నేనే ఇసబ్‌గోల్ పొట్లం కొనిచ్చి పంపించినదాన్ని, కాబట్టి ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకూ లేదు.

ఆయన్ని ఎలా కదిలించాలి? వాట్సాప్‌లో లింకులు పంపకండి, మెడికల్ షాపు నడిపేవాడికి మందుల గురించి తనకే ఎక్కువ తెలుసనిపిస్తుంది. మీ బ్యాగు చూపించి భయపెట్టడం ఒక దారి, కానీ తండ్రి పోవడం కళ్లారా చూసిన పిల్లాడు ఆ భయంతోనే ఇంకో ఏడాది తప్పించుకు తిరుగుతాడేమో. మీ మరదలికి చెప్పడం ఇంకో దారి. ఆయనకి కోపం వస్తుంది, ఒక వారం మీతో మాట్లాడరు. నన్నడిగితే ఆ వారం కోపం భరించడం నయం. ఇంకా నయం ఏంటంటే, పరీక్ష ఎలా ఉంటుందో మీరు చేయించుకున్నారు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ముందురోజు అన్నం ఉండదు, పలచటి ద్రవాలే. ఆసుపత్రి వాళ్లిచ్చిన పొడి నీళ్లలో కలుపుకుని తాగాలి, అదే అసలు కష్టం, లోపలున్నదంతా నీళ్లయి పోయేదాకా బాత్రూమ్‌లోనే కాపురం. పరీక్ష మత్తులో అరగంట, ఆ సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. చిన్న చిన్న పాలిప్స్, అంటే పేగు లోపలి గోడ మీద లేచే బుడిపెలు, కనిపిస్తే చాలామటుకు అప్పుడే తీసేస్తారు. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది, ఆ లోపు దాన్ని తీసేస్తే ఆ జబ్బే రాకుండా ఆపినట్టు. మీకు దక్కని అవకాశం ఇదే. ఆయనకి ఇంకా ఉండొచ్చు.

దీనికి ముడిపడిన పని ఇంకొకటి ఉంది, అది మీరు చేయాలి. మీ గడ్డ ముక్కకి ఎమ్ఎమ్ఆర్ పరీక్ష చేశారా అని మీ ఆంకాలజిస్టుని అడగండి, చేసి ఉంటే బయాప్సీ రిపోర్టులోనో ఆపరేషన్ తర్వాత ఇచ్చిన రిపోర్టులోనో ఉంటుంది. మన కణాలు కొత్త కణాల్ని తయారుచేసేటప్పుడు జన్యువుల రాతలో తప్పులు పడుతుంటాయి, వాటిని దిద్దే ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. గడ్డలో అవి లేవని తేలితే లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపం ఉందేమోనని అనుమానిస్తారు, అప్పుడు రక్తపరీక్షతో తేలుస్తారు. మీ నాన్నగారికి 46, మీకు 35. ఇది ఊరికే అడుగుతున్న ప్రశ్న కాదు. ఉందని తేలితే తమ్ముడికీ ఆ ఒక్క జన్యువు కోసమే పరీక్ష చేయించొచ్చు, ఆయనకి లేకపోతే అంత తరచుగా కొలనోస్కోపీలు చేయించుకునే పని తప్పుతుంది. ఉంటే చాలామందికి ఇరవైల్లోనే మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చేయిస్తారు. మీకు ఆ లోపం ఉంటే మీ పిల్లల్లో ఒక్కొక్కరికీ ఆ లోపం వచ్చే అవకాశం సగానికి సగం, కానీ లించ్ విషయంలో చిన్నపిల్లలకి ఇప్పుడే పరీక్ష చేయరు, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు. ఇంకో విచిత్రం చెప్పనా? లించ్ ఉన్న ఆడవాళ్లకి గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ. మీ అత్తగారు అబద్ధానికి వాడుకున్న ఆ గర్భసంచినే మీరు నిజంగా జాగ్రత్తగా చూపించుకోవాల్సి రావొచ్చు.

మీ అమ్మగారిని కూడా ఒకసారి కూర్చోబెట్టి అడగండి. నాన్నగారి ఫైలు ట్రంకు పెట్టెలో ఎక్కడైనా ఉందేమో. ఆ గడ్డ పొట్టలోదో, లివర్‌దో, పేగుదో తెలిస్తే డాక్టర్లకి చాలా పనికొస్తుంది. ఆవిడ ఏడుస్తారు. పక్కన కూర్చోండి, కానీ అడగడం మానొద్దు.

ఇక పాప. "కాదమ్మా, పడుకో" అన్నారు, అర్ధరాత్రి ఎవరైనా అంతే అంటారు. కానీ ఆ పిల్ల నిజంగా పడుకుందంటారా? మీ ఉత్తరంలోనే ఇంకోచోట రాశారు, కీమో మందు వల్ల చల్లటిది ముట్టుకుంటే వేళ్లకి కరెంట్ కొట్టినట్టుంటుందని, అందుకే ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్, పెరుగు గిన్నె పాపే తీసి ఇస్తుందని, పెరుగు గిన్నె గట్టు మీద కాసేపు పెట్టి "ఇప్పుడు ముట్టుకో అమ్మా" అంటుందని. ఎనిమిదేళ్ల పిల్ల మీకు నర్సు పని చేస్తోంది, ఏ జబ్బుకి చేస్తోందో తెలియకుండా. తెలియనిచోట పిల్లలు ఖాళీ వదలరు, ఏదో ఒకటి కల్పించుకుంటారు, అందులో తప్పు తమదే అనుకుంటారు. మీ పాప అదే అనుకుంది. ఇంకా నయం, బయటికి అడిగింది.

చెప్పకుండా ఉండొచ్చు, చాలా ఇళ్లలో అదే చేస్తారు. దాని ఫలితం ఏంటంటే, ఏదో ఒక రోజు లిఫ్టులోనో స్కూల్ బస్సులోనో ఎవరో అంటారు, అప్పుడు క్యాన్సర్‌తో పాటు అమ్మ అబద్ధం చెప్పిందని కూడా తెలుస్తుంది. చెప్తే ఒక రెండు మూడు రోజులు మీకు అతుక్కుపోతుంది, పక్క తడపొచ్చు, స్కూలుకి వెళ్లనని మారాం చేయొచ్చు. ఆ తర్వాత సర్దుకుంటుంది. నేను చెప్పడం వైపే ఉన్నాను. మధ్యాహ్నం పూట, అన్నం తిన్నాక, మీ ఆయన కూడా ఉన్నప్పుడు, మామూలు గొంతుతో: "నా పేగు దగ్గర ఒక గడ్డ వచ్చిందమ్మా. దాని పేరు క్యాన్సర్. డాక్టర్లు కోసి తీసేశారు. లోపల ఏమైనా మిగిలుంటే చచ్చిపోవాలని మందులిస్తున్నారు, అందుకే నేను ఫ్రిజ్ ముట్టుకోలేను. నువ్వు పొట్ట మీద ఎక్కినందుకు రాలేదు. ముద్దు పెట్టుకుంటే నీకు అంటుకోదు. నేను ఆసుపత్రికి వెళ్లిన రోజు నీకు జడ నాన్నమ్మ వేస్తుంది." ఆ జడ మాట వదిలేయకండి. పిల్లలకి జబ్బు కంటే రేపు తమ సంగతి ఎవరు చూస్తారన్నది పెద్ద టెన్షన్.

"నువ్వు చచ్చిపోతావా?" అని అడగొచ్చు. చావనని ఒట్టు వేయకండి, అది మన చేతుల్లో లేదు. "తగ్గాలనే ఇన్ని మందులు వాడుతున్నా. ఏదైనా మారితే అందరికంటే ముందు నేనే నీకు చెప్తా" అనండి, ఆ మాట నిలబెట్టుకోండి. బాబుకి "అమ్మ పొట్టలో బాగోలేదు, మందులేసుకుంటోంది, నీవల్ల కాదు" చాలు. క్లాస్ టీచర్‌కి మాత్రం చెప్పండి. ఇంకోటి, "ఎవరికీ చెప్పకు" అని పాప మీద బరువు పెట్టకండి. ఎనిమిదేళ్ల పిల్ల దాచలేదు, దాచలేకపోయినందుకు మళ్లీ తనదే తప్పనుకుంటుంది. అంటే పాపకి చెప్పడమంటే, కొద్దో గొప్పో అపార్ట్‌మెంట్‌కి కూడా తెలియడమే. అందుకని పాప కంటే ముందు అత్తగారితో కూర్చోవాలి.

మీ అత్తగారి మీద కోపంగా రాశారు, మళ్లీ మీరే రాశారు, ఇంటికొచ్చిన మొదటి పది రోజులు మీరు బ్యాగు వైపు చూడలేకపోతే ఆవిడే మార్చారని, ముఖం కూడా చిట్లించలేదని. అలాంటి మనిషి చెడ్డదెలా అవుతుంది? భయపడుతోంది, అంతే. ఆ భయంలో ఒక పొరపాటు ఉంది, అది మెల్లగా విప్పి చెప్పండి. మీది వంశపారంపర్యమే అయినా అది మీ పుట్టింటి రక్తం. ఆడపడుచుకి మీతో రక్తసంబంధం లేదు. ఆవిడ పెళ్లికి మీ జబ్బుకి ఏ సంబంధమూ లేదు, కాబట్టి పెళ్లివారికి చెప్పకపోవడం మోసం కూడా కాదు. లోకం ఇలా ఆలోచించదు అంటారావిడ, అది నిజమే, ఒప్పుకోండి. బేరం కూడా పెట్టుకోవచ్చు: చుట్టాల గ్రూపుల్లో మీరుగా ఏమీ పెట్టరు, ఆవిడేమో పిల్లల ముందు ఆ గర్భసంచి కథ ఆపేస్తారు. ఎవరైనా సూటిగా అడిగితే "కడుపులో ఆపరేషన్ అయింది, ఇంకా మందులు వాడుతున్నా" అనొచ్చు, అందులో అబద్ధం లేదు. మీ కథని దాచుకునే హక్కు మీకుంది. మీ తరఫున ఇంకొకరు కథ అల్లితే అది వేరే సంగతి. అన్నట్టు, ఆ కథ ఇన్సూరెన్స్ ఫారంలోకి మాత్రం ఎప్పుడూ వెళ్లకుండా చూసుకోండి, దాచిన జబ్బు తర్వాత బయటపడితే క్లెయిమ్ కొట్టేయొచ్చు.

ఇప్పుడు మైకు. మాట్లాడటం గొప్ప, ఊరుకోవడం పిరికితనం అని నేను అనను. హాలీవుడ్ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కి 2016లో పెద్దపేగు క్యాన్సర్ మూడో దశలో తేలింది, 2020లో 43వ ఏట పోయేదాకా బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు, ఆ నాలుగేళ్లూ చికిత్సల మధ్యే సినిమాలు చేశాడు. అది ఆయన ఇష్టం. ఇంకోపక్క అమెరికా టీవీ యాంకర్ కేటీ కూరిక్ ఉంది. ఆమె భర్త ఇదే క్యాన్సర్‌తో 1998లో పోయాడు, 42 ఏళ్లు, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. 2000 మార్చిలో ఆవిడ తన కొలనోస్కోపీని దేశమంతా చూసేలా టీవీలో వేయించింది. ఆ తర్వాత అక్కడ ఆ పరీక్ష చేయించుకునేవాళ్లు బాగా పెరిగారు, పరిశోధకులు దానికి ఆవిడ పేరే పెట్టారు. దొడ్డికెళ్లే సంగతులని మీ ఆయన అన్నవే అవి.

ఆఫీసులో పేరుతో, ముఖంతో మాట్లాడితే ఒకరిద్దరైనా ఆ వారంలో డాక్టరు దగ్గరికి వెళ్తారు. దాంతో పాటే ఇంకొన్ని వస్తాయి. ఎవరో వీడియో తీస్తారు, అది మీ అత్తగారి ఫోన్‌కి వస్తుంది. ఆకు పసరు మందుల వాళ్ల నంబర్లు పంపేవాళ్లుంటారు. ప్రమోషన్ లిస్టు వచ్చినప్పుడు "పాపం ఆవిడకి ఒంట్లో బాగోదు కదా" అని మీ బదులు వాళ్లే నిర్ణయించొచ్చు. ఒకసారి బయటికొచ్చిన మాట వెనక్కి తీసుకోలేం. ఊరుకుంటే ఇవేవీ ఉండవు, కానీ బ్యాగు తీసేశాక కొన్ని నెలలు రోజుకి ఏడెనిమిదిసార్లు బాత్రూమ్‌కి వెళ్లాల్సి రావొచ్చు, ఉన్నపళంగా. అప్పుడు మీ మేనేజరుకైనా, పక్క సీటామెకైనా తెలిసి ఉండటం మీకే మంచిది. మధ్యదారి కూడా ఉంది: మార్చి ఈ క్యాన్సర్ అవగాహన నెల కూడా కాబట్టి హెచ్‌ఆర్ వాళ్లని ఒక గ్యాస్ట్రో డాక్టర్‌ని పిలవమనండి, ప్రశ్నలు మీరు తయారుచేయండి, మీ పేరు ఎక్కడా రాదు. ఈసారికి నాకు అదే మంచిదనిపిస్తోంది. కీమో ఒంటి మీద ఉండగా, ఇంట్లో వాళ్లతో మాటలు తేలకుండా, మైకు ముందు నిలబడటం మీకే కష్టం. వచ్చే మార్చికి మీ మనసు ఎటుంటే అటు.

ఎవరు మాట్లాడినా చెప్పాల్సింది బ్యాగు గురించి కాదు, మీరు పోగొట్టుకున్న ఆ ఎనిమిది నెలల గురించి. రక్తం ఎన్నిసార్లు పడినా మొలలే అనుకోవడం, వారాల తరబడి మోషన్ తీరు మారినా పట్టించుకోకపోవడం, కారణం తెలియకుండా రక్తం తగ్గిపోతుంటే ఐరన్ మాత్రలతో సరిపెట్టడం. డాక్టరు మలద్వారంలో వేలితో పరీక్ష చేస్తానంటే సిగ్గుపడి వద్దనకూడదని ఆడవాళ్లకి గట్టిగా చెప్పాలి, చేయకపోతే అడగాలి కూడా. కింది భాగంలో ఉన్న గడ్డలు చాలావరకు ఆ వేలికి తగులుతాయి. ఇది ముసలివాళ్ల జబ్బనే నమ్మకం కూడా పోవాలి. చిన్నవాళ్లలో పెరుగుతోందనే అమెరికాలో 2021లో పరీక్ష మొదలుపెట్టే వయసుని 50 నుంచి 45కి దించారు, అది ఇంట్లో ఎవరికీ లేనివాళ్లకి.

ఇదంతా చెప్పడానికి మీ ఆఫీసు హాలు కంటే మంచి చోటు మిర్యాలగూడలో మీ తమ్ముడి కౌంటర్. మొలల ట్యూబు మూడోసారి కొనడానికి వచ్చినవాళ్లని "ఎన్నాళ్ల నుంచి పడుతోంది? డాక్టర్‌కి చూపించావా?" అని అడగగలిగేది ఆయనే. కానీ ముందు ఆయన తనది తాను చూపించుకోవాలి కదా.

మీ సైకిల్‌లో మాత్రలు లేని వారం ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో చూసి, ఆ వారానికి హైదరాబాద్‌లోనే తమ్ముడి కొలనోస్కోపీకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. మత్తు వదిలేదాకా పక్కన మనవాళ్లెవరో ఒకరు ఉండాలంటారు, ఆ ఒకరు మీరే అవ్వండి, అక్క పిలిస్తే రాకుండా ఉండలేడు. ముందురోజు రాత్రి మీ ఇంట్లోనే ఉండమనండి. బాత్రూమ్ ఒకటే అయితే మీరు బ్యాగు ఖాళీ చేసుకోవాలి, ఆయనకి పది నిమిషాలకోసారి కావాలి, చిన్నప్పుడు స్కూలు టైమైపోతుంటే ఎలా తలుపు బాదుకున్నారో మళ్లీ అలాగే బాదుకుంటారు.